పెద్దనాయిన గీసిన పొలుసు

సులోచనక్క ఫోన్ చేసినప్పుడు నేను మా మ్యూజియంలో బల్లుల సీసాల్లో స్పిరిట్ నింపుతున్నాను. మూత ఎంత బిగించినా స్పిరిట్ ఏటా కొంత ఆవిరైపోతుంది. ఎవరో ఒకరు గుర్తుంచుకుని నింపకపోతే లోపలి బల్లి ఎండిపోయి, ముట్టుకుంటే పొడి రాలేట్టు అవుతుంది. ఇల్లు బిల్డరుకు ఇచ్చేశామని, నెలాఖరుకు కూలగొడతారని అక్క చెప్పింది. సామాన్లు సర్దుతుంటే పెద్దనాయిన నక్షాలు చుట్టి దాచే రేకు గొట్టం ఒకటి బయటపడిందట. దాని మీద నా పేరు రాసి ఉందట. "వచ్చి తీస్కపో శీను. నాయిన పోయి ఏడాది దాటె. ఇంకెన్నడు వస్తవ్?" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం ఉందో లేదో నేను తేల్చుకోలేకపోయాను. ఆయన పోయినప్పుడు నేను వెళ్లలేదు. ఊళ్లో లేనని చెప్పాను. ఊళ్లోనే ఉన్నాను.

పెద్దనాయిన అంటే నర్సింగరావు గారు, సులోచనక్క వాళ్ల నాన్న. మాకు రక్తసంబంధం లేదు. ఆయనా మా నాన్నా చిన్నప్పుడు ఒకే బడిలో చదివారు, ఆయన రెండేళ్లు పెద్ద, అంతే. నేను పరిశోధన విద్యార్థిగా హైదరాబాదు వచ్చినప్పుడు చిక్కడపల్లిలో వాళ్ల మేడ మీది గది నాకు కిరాయికి ఇచ్చారు. ఆ గదిలో నాలుగేళ్లున్నాను. బల్లుల శాస్త్రం మా గైడు దగ్గర నేర్చుకున్నానని అందరికీ చెబుతుంటాను. కానీ చూడడం నేర్చుకున్నది ఆ ఇంటి వరండాలో. ఆ సంగతి ఎక్కడా రాయలేదు. ఆయన గురించి నా మాటగా అచ్చయిన ఒకే ఒక్క వాక్యం అబద్ధం. అది సరిదిద్దడానికే ఇదంతా రాస్తున్నాను.

నారాయణగూడలో మెట్రో దిగి నడిచాను. కావాలనే నడిచాను, ఆలస్యం చేయడానికి. ఒకప్పుడు ఇరానీ హోటల్ ఉన్న మూల ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం. చిక్కడపల్లి లైబ్రరీ ముందు నిలబడ్డాను. చెట్ల కింద, మెట్ల మీద, గోడ వారన అంతా అశోక్ నగర్ హాస్టళ్ల పిల్లలు, ఒళ్లో గ్రూప్స్ పుస్తకాలతో. ఒకడు గోడ వైపు తిరిగి కళ్లు మూసుకుని ఏదో వల్లె వేస్తున్నాడు. మా రోజుల్లోనూ చదువుకునేవాళ్లు ఉండేవాళ్లు గానీ, పేపర్ల గది మాత్రం రిటైరైన పెద్దమనుషులది. పెద్దనాయిన రోజూ పది గంటలకు అక్కడికి వెళ్లేవాడు, పన్నెండున్నరకు వచ్చేవాడు. వానలోనూ గొడుగేసుకుని పోయేవాడు. వెళ్లేముందు జేబులో చిన్న పెన్సిలు పెట్టుకునేవాడు, పేపర్లో పడిన నక్షాల్లో తప్పులుంటే అక్కడే చుట్టి పెట్టడానికి. లైబ్రరీ ఆయన చాలాసార్లు కోప్పడ్డాడు. ఆ రెండున్నర గంటలు పెద్దనాయిన ఇంట్లో ఉండడని నాకు బాగా తెలుసు.

ఆ ఇల్లు తెల్లవారక ముందే లేచేది. నాలుగున్నరకు బోరింగు చప్పుడు, తర్వాత పెద్దనాయిన పాల కోసం తలుపు తీసిన చప్పుడు. చాయ్ సాసర్లో పోసుకుని, ఊది, మూడు గుక్కల్లో తాగేవాడు. ఆ తర్వాత వరండాలో ఉత్తరం వైపు వెలుతురు వచ్చే చోట ఏటవాలు బల్ల వేసుకుని, పాత ధోవతి ముక్కతో పాళీలు తుడిచేవాడు. నల్ల సిరా సీసా మూత తీస్తే కర్పూరంలాంటి వాసన వచ్చేది. వంటింట్లోంచి పెద్దమ్మ చేసే సర్వపిండి వాసన, పైనుంచి నా స్పిరిట్ వాసన, మూడూ వరండాలో కలిసేవి. పెద్దమ్మకు నా బల్లులంటే మంట. బల్లిని ముట్టుకుంటే వాకిట్లో పంపు కింద స్నానం చేస్తేనే గడప దాటాలి. పంచాంగంలో బల్లిపాటు పేజీ మూల మడిచి పెట్టుకునేది. ఏ భుజం మీద పడితే ఏమవుతుందో ఆమెకు నోటికి వచ్చు. రోజుకు ఇరవై బల్లులు పట్టుకునేవాడికి ఏం రాశారో చూడు పెద్దమ్మా అని ఒకరోజు నేను వేళాకోళమాడితే, ఆమె కళ్లజోడు సవరించుకుని నిజంగానే వెతికింది. "ఏం రాయలే. నీ అసొంటోడు పుడతడని వాళ్లకు ఎరుక లేదు" అన్నది. పెద్దనాయిన చాయ్ పొలమారేదాకా నవ్వాడు.

నాకు పేరు తెచ్చిన బల్లి పడమటి కనుమల దక్షిణపు కొసన ఒక కొండ మీద దొరికింది. కొండ పేరు రాయను. బల్లుల్ని కూడా పట్టి అమ్ముకునేవాళ్లు ఈ మధ్య మా వ్యాసాలు చదివి కొండలెక్కుతున్నారు. వానలు తగ్గుతున్న రోజులు. పొద్దంతా మబ్బు చెట్ల మధ్యలోంచి నడిచిపోయేది. జలగలు సాక్సుల అల్లికలోంచి దూరేవి. వాగు పక్కన నాచుపట్టిన నల్లబండ పగులులో, తల కిందికి పెట్టి అంటుకుని ఉంది. చూపుడు వేలంత కూడా లేదు. మన ఇంటి గోడల మీది బల్లికి కంటిపాప నిలువు గీతలా ఉంటుంది. దీనికి గుండ్రంగా ఉంది, మనిషికున్నట్టు. పగలు తిరిగే రకం. అరచేయి బండకు ఆనించి మెల్లగా జరుపుతూ పట్టాలి, తొందరపడితే తోక మాత్రమే చేతిలో మిగులుతుంది. వారం రోజుల్లో మూడు దొరికాయి. వాటిలో ఒక్కటే తోక చెడని పెద్ద మగది.

దొరికితే చాలదు. ఇది కొత్త జాతి అని చెప్పాలంటే ప్రతి పొలుసూ లెక్కపెట్టాలి. పెదవి వెంట ఎన్ని, వేళ్ల కింద ఎన్ని, మగదాని తొడ కింద రంధ్రాలు ఎన్ని. చుట్టుపక్కల కొండల మీది బల్లులతో ఒక్కొక్కటే పోల్చి, ఇది వాటిలో ఏదీ కాదని చూపించాలి. ఎంచిన ఒక్క బల్లిని ఆ జాతికి ఆనవాలుగా సీసాలో ఉంచుతారు. వందేళ్ల తర్వాత ఎవరికి అనుమానం వచ్చినా ఆ సీసా మూతే తీయాలి. వ్యాసంలో దాని తలను, కాళ్లను పొలుసు పొలుసునా గీసి చూపించాలి. నేను వరండాలో కూర్చుని గీయడం మొదలుపెట్టాను. పెద్దనాయిన మూడు రోజులు ఓపికపట్టాడు. నాలుగో రోజు నా వెనక నిలబడి, "బిడ్డ, నువ్వు గీస్తున్నది బల్లినా, దోసకాయనా?" అని అడిగి, నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు.

ఆయన కాలువల ప్లాన్లు గీసే సర్కారు ఆఫీసులో ముప్పై ఐదేళ్లు ట్రేసర్. నలభై మైళ్ల కాలువ గీసిన చేతికి ఇంత చిన్న జీవి ఒక లెక్కా అన్నాడు. నేను కాలేజీ నుంచి తెచ్చిన సూక్ష్మదర్శినిలో చూస్తూ, ట్రేసింగ్ కాగితం మీద నెల రోజులు గీశాడు. నీడలు గీతలతో వేయడు, చుక్కలతో వేస్తాడు. ఒక్కో చుక్కకూ ఊపిరి బిగబట్టేవాడు. సగం తల గీసి, మిగతా సగం తిరగేసి దింపుకుంటే పని తొందరగా అవుతుంది, అందరూ అదే చేస్తారని చెప్పాను. "కుడిగట్టు ఎడమగట్టు ఒక్కతీరుగ ఉంటదా?" అని, రెండో వైపూ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ గీశాడు. మధ్యలో ఆపి అది ఎట్ల కూర్చుంటది, ఏం తింటది, వాన పడితే ఎక్కడికి పోతది అని అడిగేవాడు. ఒకసారి ఆ కొండకు తీసుకుపొమ్మన్నాడు. తీసుకుపోతానన్నాను.

ట్రేసింగ్ కాగితం మీద సిరా గీత తప్పితే రబ్బరు పనిచేయదు. బ్లేడును సగానికి విరిచి, దాని మూలతో కాగితం పై పొర మాత్రమే గీకాలి. తర్వాత గోటితో రుద్ది నునుపు చేయాలి, లేకపోతే కొత్త సిరా పాకుతుంది. ఆ సగం బ్లేడును ఆయన అగ్గిపెట్టెలో పెట్టుకునేవాడు. గీకడం నాకు ఆయనే నేర్పాడు. ఆఫీసు అలవాటు చొప్పున బల్లి బొమ్మ కాగితానికి కూడా కింద కుడి మూల మూడు గడుల పట్టీ గీశాడు. ఏం సవరించారు, ఎవరు సవరించారు, ఏ తేదీన. బల్లికి ఇదెందుకని నేను నవ్వితే ఆయన నవ్వలేదు. "ఎవడు గీకితె వాడు సంతకం పెట్టాలె. లేకుంటే కాలువ తప్పిపోయి ఎవని చేన్ల పడ్డదో ఎవనికి ఎరుక?" అన్నాడు.

బొమ్మ పూర్తయిన రోజు నేను దాన్ని నా పట్టికతో సరిచూశాను. బల్లి ముక్కు మీద, రెండు రంధ్రాల పైన, రెండు పెద్ద పొలుసులుంటాయి. అవి ఒకదానికొకటి తగులుతాయని నేను రాసుకున్నాను. పక్క కొండ మీది బల్లికి వాటి నడుమ ఇంకో చిన్న పొలుసు ఉంటుంది. ఈ తేడా ఉంటే మా బల్లి కొత్తదని ఒక్క చూపులో తేలిపోతుంది. మా గైడుకు కూడా ఆ తేడా బాగా నచ్చింది. పెద్దనాయిన బొమ్మలో ఆ రెండింటి నడుమ నువ్వుగింజలో సగమంత పొలుసు ఒకటి ఉంది. ఇది పొరపాటు పెద్దనాయినా, ఇక్కడ ఏమీ ఉండదు అన్నాను. ఆయన మళ్లీ సూక్ష్మదర్శిని మీదికి వంగాడు. చాలాసేపు చూశాడు.

"ఉన్నది బిడ్డ" అన్నాడు. "ఉన్నది గనకనే గీసిన."

దుమ్ము అయి ఉంటుందన్నాను. "దుమ్ముకు అంచు ఉండదు. దీనికి ఉన్నది." అంతే చెప్పి, తువ్వాలుతో ముఖం తుడుచుకుని, గొడుగు తీసుకుని లైబ్రరీకి వెళ్లిపోయాడు.

ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న కథ ఒకటుంది. నేను లెక్కపెట్టింది రెండో బల్లిలో, ఆయన గీసింది మగబల్లిని, ఆ తొందరలో తేడా గమనించలేదు అని. అది నిజం కాదు. ఆయన వెళ్లాక నేను ఆ కుర్చీలోనే కూర్చుని చూశాను. పొలుసు ఉంది. అంచు కూడా ఉంది. అది ఉందని ఒప్పుకుంటే తొడ రంధ్రాల మీద, వేళ్ల పొలుసుల మీద వాదన మళ్లీ కట్టాలి, ఇంకోసారి కొండెక్కి ఇంకో పది బల్లులు చూడాలి. అదే కొండల్లో ఇంకో బృందం తిరుగుతోందని విన్నాం. వ్యాసం ఆ వారంలో పంపాలి. అగ్గిపెట్టె బల్ల మీదే ఉంది. సగం బ్లేడుతో ఆ పొలుసును గీకాను. గోటితో రుద్దాను. ఆయన పాళీతోనే రెండు పెద్ద పొలుసుల అంచుల్ని కలిపాను. పది నిమిషాలు కూడా పట్టలేదు. పట్టీలో సంతకం పెట్టలేదు.

పన్నెండున్నర దాటాక పెద్దనాయిన వచ్చాడు. బొమ్మను అప్పటికే అట్టల మధ్య కట్టేశాను. పొలుసు మాట ఆయన ఎత్తలేదు, ఒప్పుకున్నట్టే ఉందని నేను అనుకున్నాను. వ్యాసం అచ్చయింది. బొమ్మ బొటనవేలంత చేసి వేశారు, కింద ఆయన పేరు ఉంది. ఆ కాపీని లైబ్రరీకి తీసుకుపోయి పేపర్ల గదిలో అందరికీ చూపించాడట. కోప్పడే లైబ్రరీ ఆయన కూడా ఆ రోజు చాయ్ తాగించాడట. అసలు బొమ్మ పత్రికవాళ్ల దగ్గర్నుంచి తిరిగి వచ్చింది. నీ దగ్గరే పెట్టుకో పెద్దనాయినా అని ఇచ్చాను. ఆయన వెలుతురుకు పెట్టి చూడకుండానే చుట్ట చుట్టి గొట్టంలో పెట్టి అటక మీద దాచాడు. ఆ బల్లి పుణ్యాన నాకు ఉద్యోగం వచ్చింది. గది ఖాళీ చేశాను.

చాలా ఏళ్ల తర్వాత, అప్పటికి పెద్దమ్మ కూడా లేదు, ఒక కుర్ర పరిశోధకుడు ఆ ఆనవాలు బల్లిని సీసాలోంచి తీసి చూశాడు. ఎంతో మర్యాదగా ఉత్తరం రాశాడు. మీ బొమ్మలో, వర్ణనలో ముక్కు పొలుసులు తగులుతున్నాయి, బల్లికి మాత్రం నడుమ చిన్న పొలుసుంది, మీ అభిప్రాయం తెలపగలరా అని. తొడ రంధ్రాలు, ఇతర లెక్కలు అన్నీ సరిగ్గా ఉన్నాయని, జాతి కొత్తదేనని కూడా రాశాడు. అంటే బల్లికి ఏ హానీ లేదు. నిజం చెబితే పోయేది నా పరువు ఒక్కటే. నేను రెండు వాక్యాల జవాబు రాశాను. బొమ్మ గీసిన పెద్దాయన వయసు మీద పడినవారు, చూపు సరిగా లేదు, అది ఆయన పొరపాటు. వర్ణన ఆ బొమ్మ చూసి రాసింది. అతను దాన్ని నమ్మి తన వ్యాసంలో అచ్చువేశాడు. పెద్దనాయిన పేరుతో సహా.

ఆ తర్వాత ఒక నెలకు చిక్కడపల్లి వెళ్లాను. పెద్దనాయిన వరండాలోనే ఉన్నాడు. కంటి ఆపరేషన్ అయి ఉంది. చేతులు సన్నబడ్డాయి. పక్కింటి అమ్మాయి కాలేజీ రికార్డు కోసం మందార పువ్వు కోసి పెట్టుకుని గీస్తున్నాడు. నన్ను చూసి పాళీ కింద పెట్టాడు. ఆ కుర్రవాడు అసలు బొమ్మ చూడడానికి ఈ ఇంటికే వచ్చాడని, విషయమంతా వివరించాడని అప్పుడు ఆయన నోటనే విన్నాను. చెప్పులు విప్పి ఆయన పక్కన కూర్చున్నాను. ఆయనే అన్నాడు.

"నా చేతి తప్పుకు నీకు మాట వచ్చింది బిడ్డ. కండ్లు మోసం జేసినయో ఏమో. మనసుల పెట్టుకోకు."

అప్పుడైనా చెప్పాల్సింది. నేను ఆయన మోకాలి మీద చేయి వేసి, ఏం కాదు పెద్దనాయినా, చిన్న తప్పే కదా, ఎవరికైనా జరుగుతుంది అన్నాను. అంటే ఆయన్ని నేను క్షమించాను. ఆయన కింద పెట్టిన పాళీని తీసి ధోవతి ముక్కతో తుడిచాడు.

"ఇంకేమన్న ఉన్నదా చెప్పెటిది?" అన్నాడు.

లేదన్నాను. సరే, చాయ్ తాగిపో అన్నాడు. ఆ తర్వాత నేను ఆ ఇంటికి వెళ్లలేదు.

మొన్న వెళ్లేసరికి ఇంట్లో మంచాలు కూడా లేవు. వరండాలో ఏటవాలు బల్ల ఉన్న చోట నేల మీద నాలుగు కాళ్ల మచ్చలున్నాయి. సులోచనక్క నేల మీదే కూర్చుని గిన్నెలకు పాత పేపర్లు చుడుతోంది. స్కూల్లో పనిచేసి రిటైరైంది, జుట్టంతా తెల్లబడింది, వాళ్ల నాన్న పోలిక ఇప్పుడు బాగా తెలుస్తోంది. రేకు గొట్టం నా చేతికిచ్చింది. అందులో ఏముందో నాకు తెలుసు. తెలియనిది ఆమె చెప్పింది. ఆ కుర్రవాడు వచ్చిన రోజు బొమ్మ ఎక్కడుందో గుర్తులేదని చెప్పి అతన్ని పంపించేశాడట పెద్దనాయిన.

"ఆ పిల్లగాడు పోయినంక గొట్టం దింపుమన్నడు. గా కాగితం కిటికీ అద్దానికి ఆనిచ్చి పొద్దంత చూసిండు శీను. బువ్వ గూడ తినలే. ఏందే నాయిన అంటె ఏం లేదన్నడు. శీను వస్తడు తియ్యి అన్నడు." పేపరు మడుస్తూ ఇంకో మాట చెప్పింది. "నువ్వు వచ్చిపోయిన తెల్లారి పెన్నులన్నీ కట్టిపెట్టుమన్నడు. ఆ పక్కింటి పిల్ల పువ్వు గూడ సగంలనే ఉండిపోయె. మల్ల గియ్యనే లేదు."

ఆయన నన్ను క్షమించమని అడిగింది బొమ్మ చూసిన తర్వాత. నేను ఆ నేల మీదే కూర్చున్నాను.  అక్క మంచినీళ్ల గ్లాసు నా పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

గొట్టం మూత తీసి కాగితాన్ని అదే కిటికీ అద్దానికి ఆనించాను. పసుపు రంగుకు తిరిగింది గానీ చుక్కలు చెక్కుచెదరలేదు. ముక్కు రంధ్రాల నడుమ కాగితం పలచబడి, అక్కడ ఒక్కచోటే వెలుతురు ఎక్కువగా దిగుతోంది. గోటితో సరిగా రుద్దలేదు, సిరా అంచు దాటి పాకింది. ముప్పై ఐదేళ్లు నక్షాలు గీకిన మనిషికి అది తన గోరు కాదని గుర్తుపట్టడానికి ఎంతసేపు పడుతుంది? అయినా పొద్దంతా చూశాడట. బహుశా వేరే కారణం ఏదైనా దొరుకుతుందేమోనని వెతికి ఉంటాడు.

కింద కుడి మూల పట్టీలో మొదటి గడి నిండి ఉంది. ఆఫీసు భాషలో, "ముక్కు రంధ్రముల నడుమ పొలుసు ఒకటి తీసివేయబడినది" అని రాశాడు. రెండో గడి, మూడో గడి ఖాళీ.

పత్రికకు సవరణ రాసి పంపాను. తప్పు బొమ్మ గీసిన వారిది కాదు, వారు గీసిన పొలుసును నేను తొలగించాను అని. ఆ కుర్రవాడికి కూడా రాశాను, ఇప్పుడతను కుర్రవాడు కాదు. అచ్చులో అది రెండు పంక్తులు వస్తుందట, ఎవరూ చదవరు. లైబ్రరీ పేపర్ల గదిలో పెద్దనాయినకు చాయ్ తాగించినవాళ్లలో ఒక్కరూ మిగిలి లేరు. చదవాల్సిన మనిషి వరండాలో కూర్చుని, ఇంకేమన్నా ఉందా చెప్పేది అని అడిగిన రోజునే చెప్పి ఉండాల్సింది.

మొన్న గొట్టం తెరిచిన రోజే అక్క దగ్గర పెన్ను అడిగి తీసుకుని రెండో గడిలో సంతకం పెట్టాను. మూడో గడి దగ్గర ఆగిపోయాను. సంతకం పెట్టిన తేదీ కాదు, గీకిన తేదీ వేయాలని ఆయన నియమం. అది ఏ తేదీయో, ఏ వారమో నాకు గుర్తులేదు. గుర్తున్నది ఒక్కటే. ఆ మధ్యాహ్నం పెద్దనాయిన లైబ్రరీ నుంచి నేరుగా ఇంటికి రాలేదు. నా వ్యాసం పూర్తయిందని నారాయణగూడ దాకా నడిచి వెళ్లి, ఇరానీ హోటల్లో నాలుగు సమోసాలు పేపర్లో కట్టించుకుని తెచ్చాడు. వేడిగా ఉన్నయి, సూక్ష్మదర్శిని తర్వాత సర్దుదువు, ముందు తిను అన్నాడు. తిన్నాను.